ఒకే అలమర
(సంవాదము)

పౌరులు చందాలు వేసికొని నడుపుకొనుచున్న ఒక చిన్న పట్టణపు పఠనమందిరమునకు దాత యొకరు కొంత ద్రవ్యమిచ్చి, ఇటీవలి పాతిక ముప్పదియేండ్లలో తెలుగున వెలువడిన పుస్తకములలో పిల్లలును పెద్దలును కూడ చదువదగినవానిని ఏరి, వానితో ఒక అలమర నింపవలసినదని కోరిరి. ఏరు భారము ఇద్దరిపై పడినది. ఒకరు ఉన్నత పాఠశాలలో ఆంధ్రపండితులుగా పనిచేసి విశ్రాంతి పొందిన మేనమామ. మరియొకరు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినియైన ఆయన మేనకోడలు. జాబితా ఒక సాయంకాలములో ముగియునని ఇద్దరును తలచిరి గాని, మొదటి పేరు వ్రాయకముందే వివాదము మొదలైనది.

మామ: అమ్మాయీ, దాతగారి సదుద్దేశమును నేను శంకింపను, కాని వారి కోరికయందే ఒక విరోధము దాగియున్నదని నా అభిప్రాయము. పిల్లలకొరకు వ్రాసినది పిల్లలకును, పెద్దలకొరకు వ్రాసినది పెద్దలకును తగియుండుట సహజము. ఇద్దరికిని ఒక్క గ్రంథమే చాలునని చెప్పువాడు, తరచి చూచినచో, పెద్దల దుఃఖభారమును పసివారి నెత్తికెత్తవలెననియో, లేక పెద్దలను పిల్లచేష్టలతో మురిపింపవలెననియో తలచినవాడే యగును. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు మదరాసునుండి ‘చందమామ’ను ప్రారంభించినపుడు దానికొక పొలిమేర ఏర్పడినది. ఆ పొలిమేరలో రాక్షసులుండిరి, మాంత్రికులుండిరి, శవమును భుజముపై వేసికొని మౌనముగా నడచు విక్రమార్కుడుండెను; ఆనాటి దినపత్రికలను నింపిన కలహములకు మాత్రము అందు చోటులేదు. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్యగారల చిత్రములును, దాసరి సుబ్రహ్మణ్యముగారి ‘తోకచుక్క’ వంటి ధారావాహికలును కలసి పిల్లవానికి తనదైన యొక రాజ్యమును ప్రసాదించినవి. ఆ రాజ్యపు గోడలు పడగొట్టి, ఇది అందరిదియు ననుట పిల్లవానికి మేలు చేయుట గాదు.

మేనకోడలు: మామయ్యా, మీరు చందమామ పేరెత్తారు గనుక అక్కడినుంచే మొదలుపెడతాను. 1952లో ఆ పత్రిక బాధ్యత చేపట్టి, 1980లో కన్నుమూసేవరకూ దానిని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు, ‘చదువు’ నవల రాసిన కుటుంబరావుగారు కారా? సుందరమనే పిల్లవాడు అక్షరాలు దిద్దిన నాటినుంచి యువకుడయ్యేదాకా అతని వెంట నడచి, చదువు మనిషికి ఏమిచ్చి ఏమి తీసుకుంటుందో నిష్పక్షపాతంగా విచారించిన కలమే నెలనెలా పిల్లలకు కథ చెప్పింది. ఆయన వాక్యం పెద్దల దగ్గర ఒక తీరుగానూ పిల్లల దగ్గర మరొక తీరుగానూ ఉండదు. రెండు చోట్లా అలంకారం తక్కువ, స్పష్టత ఎక్కువ. ఇక ఆ పత్రికను చదివినవారి మాటకు వస్తే, మనింటికి వచ్చిన చందమామను ముందుగా విప్పి, భేతాళకథ పూర్తిచేసుకొని గాని మా చేతికి ఇవ్వనిది మీ అమ్మగారే. మా అమ్మమ్మ నిర్భయంగా ప్రవేశించిన రాజ్యానికి గోడలున్నాయంటే నేనెలా ఒప్పుకోను?

మామ: మా అమ్మ చదివిన మాట నిజమే. కాని ఆమె చదివినది బాల్యమునకు తిరిగి పోవుటకు. నీవు చదివినది లోకములోనికి వచ్చుటకు. ఒకే గుమ్మమున ఒకరు లోనికిని, మరియొకరు వెలుపలికిని నడచినంతమాత్రమున ఇద్దరి ప్రయాణము ఒకటి కాజాలదు. ఇప్పుడు నీవు సంచిలో తెచ్చిన పుస్తకములనే చూడుము. నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి ‘సినబ్బ కతలు’, మహమ్మద్ ఖదీర్ బాబుగారి ‘దర్గామిట్ట కతలు’ పైననే కనబడుచున్నవి. వీనియందు ప్రతిభ లేదని నేననను. చిత్తూరు సీమ పల్లెను ఒకరును, నెల్లూరు సీమలోని ముస్లిము కుటుంబపు బాల్యమును మరియొకరును కన్నులకు కట్టించినారు. అయినను ఇవి బాలసాహిత్యమా? బాల్యము గడచిపోయిన రచయిత, బాల్యము గడచిపోయిన పాఠకులకొరకు, బాలుని గొంతు ఎరవు తెచ్చికొని చెప్పుకొన్న జ్ఞాపకములు కావా? పోయినదానికై వగచుట యను రుచి పిల్లవానికి తెలియదు. వాని జీవితమున నిన్న యనునది బహుస్వల్పము.

మేనకోడలు: ఆ లెక్కన ‘బుడుగు’ను కూడా మనం పిల్లల చేతినుంచి లాక్కోవాలి. 1950లలో, పెద్దలు చదివే ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణగారు పుట్టించిన ఆ పిల్లవాణ్ణి, బాపుగారి బొమ్మలతో సహా, తరతరాల పిల్లలు స్వాధీనం చేసుకున్నారు. ప్రైవేటు మాష్టర్ల పాట్లు చదివి కొడుకు నవ్వుతాడు; బుడుగు అమ్మానాన్నలైన రాధాగోపాళాల ఏకాంతపు మాటలు ఆ పసివాడి నోట అర్థం మారి బయటపడినప్పుడు తండ్రి నవ్వుతాడు. తండ్రి ఎందుకు నవ్వాడో కొడుక్కి తెలియదు, తెలియకపోవడం అతనికి లోటుగానూ తోచదు. మీరన్న వగపు అటువంటి పుస్తకాలలో ఒక పొర మాత్రమే. పిల్లలు దానిని తాకకుండానే ముందుకు సాగిపోతారు. నా తరగతిలో ఒక సినబ్బ కత చదివి వినిపించినప్పుడు, ఆ పల్లె మాయమైపోయిందే అని ఎవరూ కంటతడి పెట్టలేదు. సినబ్బకు ఇంటికి పోయాక దెబ్బలు పడ్డాయా లేదా అనే అందరూ అడిగారు.

మామ: నవ్వు పుట్టించునది గనుక ఇద్దరికిని తగునందువా? విదూషకుని మాటకు సభ యంతయు నవ్వును; అంతమాత్రమున నాటకము అందరిదియు కాదు. నీకు నిజముగా ఒక ప్రమాణము కలదేని చెప్పుము. ఏ లక్షణము వలన ఒక గ్రంథము ఇద్దరికిని చెందునని నీ విశ్వాసము?

మేనకోడలు: సూత్రంగా చెప్పలేను, ఒక పుస్తకంలో చూపిస్తాను. జపాను దేశంలో తెత్సుకో కురొయనాగి 1981లో ప్రచురించిన తన బాల్యకథను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు ‘రైలుబడి’ అనే పేరుతో తెలుగులోకి తెచ్చారు. ఒకటో తరగతి పిల్ల తొత్తోచాన్ బల్ల మూతను తెరుస్తూ మూస్తూ, కిటికీ దగ్గర నిలబడి వీధి వాయిద్యగాళ్లను పిలుస్తూ ఉంటే భరించలేక బడివారు ఆమెను తీసివేస్తారు. తల్లి ఆ సంగతి పిల్లకు చెప్పకుండా, కొత్త బడికి పోదాం రమ్మని మాత్రమే అంటుంది. తాను బడినుంచి గెంటివేయబడ్డానని ఆ అమ్మాయికి ఇరవై యేళ్లు వచ్చేదాకా తెలియదు. కాని పుస్తకం చదివే ఎనిమిదేళ్ల పాఠకురాలికి ఆ రహస్యం మొదటి పుటలలోనే తెలిసిపోతుంది. అంటే రచయిత్రి ఆ పసి పాఠకురాలిని తల్లి పక్కన కూర్చోబెట్టి, పెద్దవాళ్లు పిల్లల మేలుకోసం ఏమేమి దాస్తారో చూపించింది. ఇక కొత్త బడిలో ప్రధానోపాధ్యాయుడు కొబయాషి మొదటిరోజున ఆ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకొని, నీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పమని, నాలుగు గంటలసేపు ఆవులించకుండా విన్న ఘట్టం ఉంది. పిల్లలు అది చదివి, రైలుపెట్టెల్లో తరగతులు నడిపే బడి మనకెందుకు లేదని అడుగుతారు. నేను అది చదివి, ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఏ పిల్లమాటైనా చివరిదాకా విన్నానా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఒక పుస్తకం పిల్లకు కోరికనూ పెద్దకు ప్రశ్ననూ ఒకే ఘట్టంలో ఇవ్వగలగడమే నా ప్రమాణం. ఆ రచయిత్రి తొంభై యేళ్ల వయసులో, 2023లో, ఆ కథకు తరువాతి భాగాన్ని కూడా ప్రచురించింది. చిన్నప్పుడు చదివినవారు పెద్దవారై దానికోసం ఎదురుచూశారంటే ఆశ్చర్యమేముంది?

మామ: ఈ పుస్తకమును నేను చదివితిని, నాకును ప్రియమైనదే. కాని అది నాకు ప్రియమగుటకు కారణము వేరు. ఆ బడి యుద్ధకాలమున వైమానికదాడిలో కాలిపోవును. ఆ సంగతి పుస్తకము చివరకు గాని రాదు, వచ్చినపుడును రచయిత్రి గుండెలు బాదుకొనదు. దుఃఖమున కచ్చట ఒక మితి యున్నది. పసివారికి దుఃఖమును చూపరాదని నా వాదము గాదమ్మా; ధ్రువుని కథలో సవతితల్లి మాటయు, హరిశ్చంద్రుని కథలో కొడుకు శవమును లేవా? మితి తప్పరాదని మాత్రమే నా వాదము. మన యిటీవలి తెలుగు రచయితలలో ఆ మితిని పాటించినవారెవరు?

మేనకోడలు: కడప జిల్లా వేంపల్లెనుంచి వచ్చిన వేంపల్లె షరీఫ్‌గారి ‘జుమ్మా’ను చూడండి. ఆ సంపుటికి 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. పేరు పెట్టిన కథలో ఒక తల్లి ఉంది. శుక్రవారం నమాజుకు పొమ్మని కొడుకును చిన్ననాటినుంచీ వెంటబడి పంపిన తల్లి. హైదరాబాదు మక్కామసీదులో బాంబు పేలిన తరువాత, నగరంలో ఉన్న కొడుకుతో ఆమె ఒక్కమాట చెబుతుంది: మసీదుకు పోవద్దని. మతం గురించి ఉపన్యాసం లేదు, ఎవరినీ నిందించడం లేదు. బాంబు కథలో పేలదు. తల్లి నోటిమాట తిరగబడడంలోనే అంతా ఉంది. ఏడో తరగతి పిల్లవాడికి ఆ కథ అర్థమవుతుంది, ఎందుకంటే అమ్మ రోజూ చేయమన్న పనిని ఒకరోజు హఠాత్తుగా వద్దంటే ఏదో పెద్ద ఆపద వచ్చిందని ఏ పిల్లవాడికైనా తెలుసు. ఆ ఆపద ఎవరి పాపమో ఆలోచించవలసినవాడు అతని తండ్రి. మీరు కోరిన మితి ఇంతకంటే ఎక్కడ దొరుకుతుంది?

మామ: నీవు చెప్పిన తీరులోనే యున్నచో దానిని నేను కాదనను, జాబితాలో వ్రాయుము. ‘టోపీ జబ్బార్’ అను మరియొక సంపుటము కూడ ఆయనదేనని విన్నాను. దానిని కూడ తెప్పింపుము. కాని మితి యన్నాను గనుక, నీ సంచిలో అడుగుననున్న పుస్తకమును పైకి తీయుము. గోగు శ్యామలగారి ‘ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం’ కదా? అందులోని బాలమణి కథ నాకు తెలియును. పదకొండేండ్ల పిల్ల, తెల్లవారకముందే పొలమునకు నీరు పెట్టుటకు ఒంటరిగా పోవును. అచ్చట దొర ఆమెపై చేయి వేయబోవును. పెద్దలకది సమర్థమైన కథ, సందేహము లేదు. కాని దానిని పదకొండేండ్ల పాఠకురాలి చేతికిచ్చుటకు నా మనసొప్పదు.

మేనకోడలు: కథ ఎలా ముగుస్తుందో కూడా చెప్పండి మామయ్యా. ఆ పిల్ల లొంగదు. తన బలంతోనే, తన తెలివితోనే వాణ్ణి చిత్తుచేసి తప్పించుకొని వస్తుంది. తాటకి అని ఆమెకు వచ్చిన పేరు తిట్టుగా మొదలై బిరుదుగా మిగిలిపోతుంది. తాండూరు ప్రాంతపు మాదిగవాడలో పుట్టి పెరిగిన రచయిత్రి ఆ చీకటినీ, కాలువ గట్టునూ, మడికి నీళ్లు తిప్పే పనినీ ఎంత నిశితంగా రాసిందంటే, ఆ పిల్లకు పొలం పని ఎంత బాగా వచ్చునో చదివినవారికి ముందే తెలిసిపోతుంది. అందుకే ఆమె గెలుపు మాయగా తోచదు. హైదరాబాదులోని అన్వేషి పరిశోధనకేంద్రం వారు, పాఠ్యపుస్తకాలలో చోటుదొరకని పిల్లల జీవితాలను కథలుగా అందించాలని పూనుకొని తెచ్చిన పిల్లల పుస్తకాలలో ఈ కథ కూడా ఉంది. తెల్లవారుజామున పొలానికి పోయే పిల్లకు ఈ ఆపద పుస్తకం చెప్పకపోయినా తెలుసు. పుస్తకం చెప్పవలసింది ఎదిరించడం సాధ్యమనే రెండో సంగతి.

మామ: ఆ రెండవ సంగతి చెప్పవలసినదే. కాని ఎవరు చెప్పవలెను? తల్లి చెప్పవలెను, ఉపాధ్యాయిని చెప్పవలెను. అలమరలోని పుస్తకము, అడుగుటకు ఎవరును ప్రక్కన లేని వేళ, ఒంటరిగా కూర్చున్న పిల్లకు చెప్పరాదు. నీ బాలమణి గెలిచినది. గెలువలేని పిల్ల చదివినచో, తప్పు తన అశక్తతయందే యున్నదని తలపదా? ఈ ప్రశ్నకు నీవు సమాధానము చెప్పునంతవరకు నా అసమ్మతి అట్లేయుండును.

మేనకోడలు: ఆ ప్రశ్న న్యాయమైనదే, దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కాని పక్కన ఎవరూ లేని పిల్ల అన్నారు చూడండి, ఆ మాటను మళ్లీ ఎత్తుతాను. ముందు మీరు కోరే పుస్తకాలేవో సెలవివ్వండి.

మామ: నేను కోరునది అద్భుతము. మీ వాస్తవికతావాదులు దానిని మరచినారు. 2010నుండి కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్యమునకు ప్రత్యేకముగా పురస్కారములిచ్చుచున్నది. తెలుగున తొలి పురస్కారము కలువకొలను సదానందగారి ‘అడవితల్లి’కి లభించినది. తరువాత డి. సుజాతాదేవిగారి ‘ఆటలో అరటిపండు’, ఈ నడుమ డి.కె. చదువుల బాబుగారి ‘వజ్రాల వాన’, పి. చంద్రశేఖర్ ఆజాద్‌గారి ‘మాయాలోకం’, గంగిశెట్టి శివకుమార్‌గారి ‘కబుర్ల దేవత’ ఆ గౌరవమునే పొందినవి. ఈ పేర్లు విన్నంతనే పిల్లవాడు చేయి చాపును. వానితో అలమర పై వరుస నింపి, ఆ పిదప నీ కతలను క్రింది వరుసలయందుంచుము.

మేనకోడలు: అవన్నీ ఉండవలసినవే. వాటితోపాటు, మంచి పుస్తకం సంస్థవారు ఉత్తర అమెరికా తెలుగు సంఘమైన తానాతో కలిసి పోటీలు పెట్టి ప్రచురిస్తున్న బొమ్మల పుస్తకాలనూ పిల్లల నవలలనూ కూడా చేర్చాలి. బొమ్మల పుస్తకాన్ని ఒడిలో పెట్టుకొని ఇద్దరు కలిసి చూడక తప్పదు గనుక దాతగారి కోరికకు అంతకంటే తగినది లేదు. కాని మన బాలసాహిత్యం మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఏ పుస్తకమని వేలెత్తి చూపను. పత్రికలలో వచ్చే పిల్లల కథలను గంపగుత్తగా అంటున్నాను. కుందేలు అబద్ధమాడుతుంది, చివరి పేరాలో కష్టపడుతుంది, పశ్చాత్తాపపడుతుంది, బుద్ధి తెచ్చుకుంటుంది. మొదటి పేరా చదవగానే చివరి పేరా పిల్లలకు తెలిసిపోతుంది; పెద్దలు ఆ మొదటి పేరా కూడా చదవరు. నీతి చెప్పాలనే తొందరలో కథకు ఊపిరాడటం లేదు.

మామ: నీతి లేని కథ పిల్లవానికేల? విష్ణుశర్మ రాజకుమారులకు కథలు చెప్పినది నీతికొరకే కదా. ముప్పదియేండ్లు నేను పాఠము చెప్పిన చిన్నయసూరి ‘నీతిచంద్రిక’కు ఆ పేరు వచ్చినదియు అందులకే కదా.

మేనకోడలు: మీరే పాఠం చెప్పారు గనుక మీరే చెప్పండి. 1853లో సూరిగారు వెలువరించిన ఆ గ్రంథంలో మిత్రభేదం ఎలా ముగుస్తుంది? దమనకుడు పింగళకుడికీ సంజీవకుడికీ మధ్య లేనిపోని అనుమానాలు కల్పించాడు. ప్రాణమిత్రుడైన ఎద్దును సింహం తన పంజాతోనే చంపింది. ఆ నక్కకు ఏ శిక్ష పడింది? శిక్ష మాట అటుంచి, మిత్రుణ్ణి చంపుకొని విలపిస్తున్న రాజును ఓదార్చినవాడు కూడా దమనకుడే. పశ్చాత్తాపం లేదు, బుద్ధి తెచ్చుకోవడం లేదు. చాడీలు చెప్పేవాడు కొలువులో వర్ధిల్లుతాడని తెలిపే కథ అది. విష్ణుశర్మ నీతి అన్నది మంచితనాన్ని కాదు, లోకంలో మెలగవలసిన ఎరుకను. అందుకే అది రాజకుమారులకూ పనికివచ్చింది, మంత్రులకూ పనికివచ్చింది. మనం అలవాటుగా పిల్లల కథ అనుకుంటున్న ఆ గ్రంథమే నిజానికి మన భాషలో ఇద్దరికీ చెందిన మొదటి వచనరచనలలో ఒకటి.

మామ: దమనకుని విషయము నీవు చెప్పినది యథార్థము. బాలురకు చెప్పుచున్నపుడు, ఆ నక్కకేమైనదండీ యని ఏటేట ఎవరో యొకరు అడుగుచునే యుండిరి. తరువాతి పాఠమున చూతమని దాటవేయుచునే యుంటిని. నీతి కథాంతమున అతికింపబడరాదని ఒప్పుకొనుచున్నాను. కాని ఇప్పుడు భాష విషయమున నీవు నాకు సమాధానము చెప్పవలెను. ఈ పిల్లలలో పలువురు ఆంగ్లమాధ్యమమున చదువుచు, తెలుగున ఒక పేరా తడబడక చదువలేకున్నారు. అట్టివారికి చిత్తూరి యాసను, తాండూరి యాసను, రమేశ్ కార్తీక్ నాయక్‌గారి ‘ఢావ్లో’లోని తండా పలుకులను ఒకేసారి పెట్టెదవా? శ్రీకాకుళపు పిల్లవాడు సినబ్బ కతను తనంతట చదువుకొనగలడా? శిష్టభాష యనునది కులీనుల ఆభరణమని మీ రాక్షేపింతురు. కాని ఈ మూలనున్నవాడు ఆ మూలనున్నవాని మాట తెలిసికొనుటకు అదియొక సాధనము కూడ.

మేనకోడలు: కంటితో చదవలేడు, చెవితో వినగలడు. ఈ భేదం నేను తరగతిలో స్వయంగా చూశాను. సినబ్బ కతను అచ్చులో చూసిన పిల్లలు మూడో పంక్తికే ఆగిపోయారు. నేను గట్టిగా చదివితే ఒక్క మాట అర్థం అడగలేదు. యాస నోటికి పుట్టినది, దానిని మళ్లీ నోటికి అప్పగిస్తే ప్రాణం వస్తుంది. ‘ఢావ్లో’ 2024లో యువ పురస్కారం పొందిన రచయిత పుస్తకం. గోర్ బంజారాల కథలు. అందులో నాకూ తెలియని మాటలున్నాయి. తండానుంచి మా బడికి వచ్చే పిల్లను అడిగి తెలుసుకుంటాను. ఆ రోజు తరగతిలో పాఠం చెప్పేది ఆమె.

మామ: అట్లయినచో నీ వాదమును నీవే పరిమితము చేసికొంటివి. ఈ పుస్తకములు పిల్లవాడొక్కడు చదువుకొనదగినవి గావు. పెద్దవాడు ప్రక్కన కూర్చుండి చదివి వినిపింపదగినవి.

మేనకోడలు: అవును. ఇందాక మళ్లీ ఎత్తుతానన్న మాట ఇదే. ఇద్దరికీ తగిన పుస్తకమంటే ఇద్దరూ విడివిడిగా చదువుకొనేది కాదు, కలిసి చదవవలసినదని నా మనవి. బాలమణి కథను ఒంటరి పిల్ల చేతిలో పెట్టవద్దన్న మీ మాటకు నేనివ్వగల సమాధానం కూడా ఇదే: ఆ కథను తల్లి చదివి వినిపించాలి, చదువుతూ ఎక్కడ గొంతు ఆగిందో కూతురు గమనించాలి.

మామ: బెజవాడలో 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో గ్రంథాలయ మహాసభ జరిగిన నాటినుండి, చదువు రానివారికి చదివి వినిపించుటయు గ్రంథాలయ ధర్మమేయని మన పెద్దలు తలచిరి. పెదపాలెమున పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో పుస్తకములు నడిపించి ఊరూరికి చేర్చినది, పుస్తకము తనంతట పాఠకుని వెదకికొని పోదని తెలిసియే. ఆ ధర్మమును మరల ఉద్ధరింప దలచితివేని నేను అడ్డుపడను. వారమున కొక సాయంకాలము ఈ మందిరమున చదివి వినిపించుటకు నేనే వత్తును. అయితే నాకొక పుస్తకము కావలెను, అది నీ నియమమునకును దాతగారి నియమమునకును కూడ విరుద్ధము. డాక్టరు కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’.

మేనకోడలు: అది 1980లలో వచ్చిన నవల కదా మామయ్యా! ఇటీవలివే కొనాలని దాతగారు చెప్పారు. పైగా అది పిల్లల కథ కాదు.

మామ: అందుకొరకే దానిని కోరుచున్నాను. నిజామాబాదు జిల్లాలో కుష్ఠురోగులకు వైద్యము చేయుచు జీవితము గడపిన ఆ రచయిత, పందులు కాచుకొను ఒక ముసలివానిని తీసికొని, ఈనబోవు పంది యొకటి అడవిలో చిక్కుకొనగా దానిని వెదకబోయిన ఆ యొక్క రాత్రినే నవలగా నిర్మించినాడు. ముసలివాడు, పంది, అడవి, ఇవియే కథ. పిల్లలను పెట్టిన పంది తన్ను పెంచినవానిని కూడ దగ్గరకు రానీయదు, నక్కలు పొంచియుండును. ఇందు బాలుని గొంతు లేదు, బాల్యస్మృతి లేదు, అతికించిన నీతి లేదు, నీవు చెప్పిన నవ్వును లేదు. అయినను పదునాలుగేండ్ల బాలుడు దానిని సాహసకథగా ఊపిరి బిగబట్టి చదువును. నావంటి వృద్ధుడు దానిని చదివి, తుదకు ఆ ముసలివాడు గెలిచెనా, ఓడెనా యని నిదురపోడు. మన మిద్దరము ఇంతసేపును పిల్లవాని గొంతు గురించి వాదించుకొంటిమి. ఇద్దరికిని తగిన గ్రంథమున పిల్లవాడు ఉండనక్కరయే లేదు. లోకము మొదటిసారి చూచినట్లు కనబడిన చాలును.

మేనకోడలు: ఆ మాట నాకు తోచలేదు, ఒప్పుకుంటున్నాను. దాతగారికి నేను చెబుతాను. కాని మీరు పొలిమేర దాటారు గనుక నేనూ ఒక అడుగు ముందుకు వేస్తాను. బండి నారాయణస్వామిగారి ‘శప్తభూమి’, 2019లో అకాడమీ పురస్కారం పొందిన చారిత్రక నవల. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమ, హండె పాలకుల కాలం, కరువు, సైనికులు, గొర్రెలకాపరులు. రాజుల వంశావళితో సరిపెట్టే చరిత్రపాఠం చదివిన పదో తరగతి విద్యార్థికి, ఆ రాజుల కింద బతికినవారు ఏం తిన్నారో, ఎందుకు చచ్చారో ఇది చెబుతుంది.

మామ: హింస అధికము. పదునైదేండ్లు నిండనివారికి ఈయరాదు. ఆ నియమముతో వ్రాయుము. బాలమణి కథ యున్న పుస్తకమునకు మాత్రము నా అసమ్మతి యింకను తొలగలేదు. తల్లి చదివి వినిపింపవలెనని నీవన్నావు; ఆ కథను నోరారా చదువగల తల్లులు ఎందరుందురో నాకు సందేహము.

మేనకోడలు: అయితే దానిని జాబితాలోనుంచి తీసివేయమంటారా?

మామ: తీసివేయవలదు. నీవు కోరినదానిని నేను కొట్టివేసితినేని, నేను కోరినదానిని నీవు కొట్టివేయుదువు. మిగిలినవి ఇద్దరికిని ఇష్టానిష్టములు లేని పుస్తకములై, అలమర నిండును గాని ఎవ్వరును తెరువరు. ఒక పని చేయుదము. జాబితాలో పేరును వెలయును మాత్రమే వ్రాసినచో అది అంగడివాని పట్టిక. ప్రతి పుస్తకమునకెదురుగా, దానిని కోరినది నీవో నేనో, ఏ వయసువారికి, ఏల కోరితిమో వ్రాయుదము. నీ బాలమణికి ఎదురుగా నీ కారణమును నీవు వ్రాయుము. దాని క్రింద నా అభ్యంతరమును, నా పేరుతోనే, నేను వ్రాసెదను. కారణము చెప్పి కోరినవానితో విభేదించుటకు పాఠకునికి హక్కు కలుగును. మన యిద్దరిలో పొరపడినది ఎవరో చదివి నిర్ణయించిన తల్లి, తండ్రి, లేక ఆ పిల్లయే, అదే పుటపై తన మాటయు వ్రాయుటకు క్రింద చోటు విడువుము.